పిప్పిగారి తీపి

సోయా గింజలను నానబెట్టి, రుబ్బి, కాచి వడగడితే పాలు దిగుతాయి. ఆ పాలను విరిచి టోఫు చేస్తారు. గుడ్డలో మిగిలేది పిప్పి. జపాను వారు దానిని ‘ఒకరా’ అంటారు. ‘కరా’ అంటే పొట్టు. ముందున్న ‘ఒ’ గౌరవవాచకం. మన మాటలో చెప్పాలంటే పిప్పిగారు!

మర్యాద అంతటితో ఆగలేదు. ‘కరా’ అన్న ధ్వనికి శూన్యమనే అర్థం కూడా ఉండటంతో ఆ మాట పలకడానికి సంకోచించి, ‘ఉనోహనా’ అని ఒక తెల్లని పువ్వు పేరు పెట్టారు. కత్తితో కోసే పని లేదు కనుక ‘కిరజు’ అనీ అన్నారు. ‘చిహయఫురు’ అనే రకుగో హాస్యకథలో, ఒకనాటి వేశ్య ఆకలికి తాళలేక టోఫు దుకాణం ముందు నిలిచి యాచించేది ఈ పిప్పినే.

ఇన్ని ముద్దుపేర్లున్న పదార్థాన్ని 1999 మార్చి 10న జపాను సర్వోన్నత న్యాయస్థానం ‘పారిశ్రామిక వ్యర్థం’గా తేల్చింది. తర్కం లేకపోలేదు. తాజా పిప్పిలో సుమారు మూడువంతులు నీరే, త్వరగా పాడవుతుంది. చాలామంది టోఫు తయారీదారులు ఎదురు సొమ్మిచ్చి మరీ దానిని వదిలించుకొనేవారు.

అయినా, ఉదయం ఆహారమైనది సాయంత్రానికి వ్యర్థమవుతున్నదంటే లోపం పదార్థానిది కాదు, మన ఆలస్యానిది. ఆ వ్యవధిలోనే దానికి పిండి, గుడ్డు, చక్కెర కలిపి, నడుమ చిల్లు పెట్టి నూనెలో వేయిస్తే డోనట్లు సిద్ధం. పిప్పిగారు గారెలయ్యారు! పైన కరకర, లోపల తేమ, నాలుకకు తగిలీ తగలని గరుకు. ఆ గరుకే నాకు ఇష్టం.

నా ఫిర్యాదు ఒక్కటే. ఈ మిఠాయిలను ‘పీచు ఎక్కువ, లావెక్కరు’ అంటూ మందులా అమ్ముతారు. నూనెలో మునిగి తేలినదానికి ఆ బిరుదెందుకు? మందుగా తిన్నవాడు రోగం తగ్గగానే మానేస్తాడు. రుచి మరిగినవాడే మళ్ళీ వస్తాడు. నువ్వుల నూనె తీయగా మిగిలిన తెలగపిండి, బాలింత పథ్యంగా తప్ప గుర్తుకురాని ఇళ్ళు మనలో లేవా?

దేశంలోని పిప్పి అంతా మిఠాయిలతో చెల్లిపోదు, నిజమే. అధికభాగం పశువుల దాణాకే పోతుంది. కానీ పళ్ళెంలోకి వచ్చిన ఆ కాస్తనైనా జాలిపడి తినవద్దు. కమ్మగా ఉందని తినండి.

ఇంట్లో సోయాపాలు తీసుకొనేవారు ఈసారి ఆ గుడ్డ దులిపేముందు ఒక్క వాయ వేయించి చూడండి. ఎలా కుదిరిందో తప్పక చెప్పండి.