మోషే ఒక్కడికే మోయలేని భారం

ఉదయం నుండి సాయంత్రం వరకు మోషే ఒక్కడే ప్రజల మొర వినేవాడు. చిన్న వ్యాజ్యాలు సమర్థులకు అప్పగించి, కఠినమైనవే తీర్చమని మామ యిత్రో హితవు చెప్పాడు (నిర్గమ 18).

నేడు మన దేశంలో లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడైనా లేడు. 2015–16 జాతీయ సర్వే ప్రకారం మానసిక రుగ్మతలున్న ప్రతి పదిమందిలో కనీసం ఏడుగురికి చికిత్స అందడంలేదు. 2008 నుండి శంషాబాద్ విమానాశ్రయంలో రాత్రింబవళ్లు పనిచేసేవారికి బీపీ మాత్ర ఇచ్చేచోటే నిద్ర గురించి, దిగులు గురించి కూడా అడగాలి. శిక్షణ ఇస్తే నర్సులు, ఆశా కార్యకర్తలు ఆ పని చేయగలరు. కఠినమైన కేసులే నిపుణుడికి పంపవచ్చు. 2022లో మొదలైన టెలిమానస్ 14416 కూడా ఉంది.

ప్రియులారా, కుంగిన సహోదరునికి విశ్వాసం చాలదని తీర్పు తీర్చవద్దు. అతని మాట వినండి, ఆసుపత్రికి తోడు వెళ్లండి. ప్రార్థనతోపాటు అదీ పరిచర్యే.