జెస్చర్ల కంటే ముందు వేలు పట్టేంత బటన్ కావాలి

పి.గన్నవరంలో మా పాత టచ్ ల్యాప్‌టాప్‌లో లైనక్స్, గ్నోమ్ డెస్క్‌టాప్ వేసి, కొబ్బరి దింపుల లెక్క రాసుకోమని నాన్నగారికి ఇచ్చాను. 2021 మార్చిలో గ్నోమ్ 40 వచ్చాక మూడు వేళ్లతో పైకి లాగితే తెరిచిన విండోలన్నీ ఒకేసారి కనిపిస్తాయి. నాకైతే అది సూపర్. నాన్నగారు మాత్రం లెక్కల యాప్ దగ్గరే ఆగిపోయారు. మౌస్ కోసం చేసిన సన్న గళ్లు. ఒకటి నొక్కితే పక్కది పడుతోంది. "ఫోనే నయంరా" అని పక్కన పెట్టేశారు.

నా ఉద్దేశంలో ముందు బటన్లు, గళ్లు వేలికి అందాలి, జెస్చర్లు తర్వాత. డెస్క్‌టాప్ ఒక్కటీ మారితే చాలదు, ప్రతి యాప్ మారాలి. ఓపెన్ సోర్స్‌లో తిట్టుకుని ఊరుకోనక్కర్లేదు, బగ్ మనమే రాయొచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఒకసారి ఇచ్చి చూడండి. వాళ్ల వేలు ఎక్కడ తప్పిందో అదే రాయండి.