ఫోన్ మనది, తాళంచెవి ఎవరిది?

మన కాలేజీలో అమెరికా ఫోన్లకి కొదవ లేదు. ఎంఎస్ చేస్తున్న అన్నయ్యో, అక్కడే సెటిలైన బాబాయో వచ్చేటప్పుడు ఒక పాత ఐఫోన్ పట్టుకొస్తారు. మన సిమ్ వేస్తే సిగ్నల్ వచ్చిందా, హమ్మయ్య, అన్‌లాక్డ్ అన్నమాట! ఆ తర్వాత అందరిదీ ఒకటే డౌట్: అప్‌డేట్ కొడితే కంపెనీవాళ్లు మళ్లీ లాక్ చేసేస్తారా?

"చెయ్యరు, ఊరికే భయపడకు" అనేవాళ్లు కొందరు. "మా ఫ్రెండ్‌ది పడిపోయింది" అనేవాళ్లు ఇంకొందరు. నా లెక్క ప్రకారం ఇద్దరూ కరెక్టే. వాళ్లు మాట్లాడేది రెండు వేర్వేరు అన్‌లాక్‌ల గురించి.

2007లో మొదటి ఐఫోన్ అమెరికాలో ఏటీ అండ్ టీ నెట్‌వర్క్ మీదే పనిచేసేది. ఆ ఆగస్టులో జార్జ్ హాట్జ్ అనే 17 ఏళ్ల కుర్రాడు దాన్ని అన్‌లాక్ చేసి చూపించాడు. (ఆ వయసులో మనం ఎంసెట్ బిట్లు బట్టీ కొడుతున్నాం.) సెప్టెంబరు చివర్లో యాపిల్ ముందే హెచ్చరించి మరీ 1.1.1 అప్‌డేట్ వదిలింది. అలా సొంతంగా అన్‌లాక్ చేసుకున్న ఫోన్లు కొన్ని ఏకంగా బ్రిక్ అయిపోయాయి. ఇప్పుడు సిమ్ కింద పెట్టి అమ్మే సన్నటి చిప్ కూడా ఆ జాతిదే. అది లాక్ తియ్యదు, ఫోన్‌ని ఏమారుస్తుంది అంతే.

క్యారియర్ అధికారికంగా చేసే అన్‌లాక్ వేరు. పాత నోకియాల్లో కోడ్ కొడితే లాక్ ఫోన్‌లోనే పోయేది. ఐఫోన్ విషయంలో, మన ఐఎమ్‌ఈఐ నంబరుకి ఏ నెట్‌వర్క్ అనుమతి ఉందో యాపిల్ సర్వర్‌లో రాసి ఉంటుంది. బాకీ తీరాక క్యారియర్ చెబితే అక్కడ మారుస్తారు. యాక్టివేట్ అయ్యేటప్పుడు ఫోన్ ఆ సర్వర్‌నే అడుగుతుంది. అందుకే ఈ రకం ఫోన్‌ని ఎన్నిసార్లు రీసెట్ చేసినా ఏమీ కాదు.

నా పేచీ ఇక్కడే. డీబీఎంఎస్ చదివిన ఎవరికైనా తెలుసు, ఒకసారి మార్చిన రికార్డుని ఇంకోసారి మార్చొచ్చు. మామూలుగా ఏ క్యారియరూ అలా చెయ్యదు, నిజమే. కానీ చెయ్యకపోవడం వేరు, చెయ్యలేకపోవడం వేరు. డబ్బంతా కట్టేసిన వస్తువు అవతలివాడి మంచితనం మీద నడవడం ఏంటి?

చట్టం ఉంది కదా అంటారు. 2013 జనవరి 26 తర్వాత కొన్న ఫోన్‌ని క్యారియర్ అనుమతి లేకుండా అన్‌లాక్ చెయ్యడం అమెరికాలో చట్టవిరుద్ధమైంది. లక్షమందికి పైగా వైట్‌హౌస్‌కి పిటిషన్ పెట్టారు. 2014 ఆగస్టులో ఒబామా సంతకంతో ఆ హక్కు తిరిగొచ్చింది. అయితే ఆ చట్టం తాళం తీసుకోవడం గురించే మాట్లాడింది. తీశాక మళ్లీ వెయ్యకూడదని అందులో లేదు.

బ్రిటన్ చేసిందే నాకు నచ్చింది. 2021 డిసెంబరు నుంచి అక్కడ నెట్‌వర్క్ కంపెనీలు లాక్ చేసిన ఫోన్లు అమ్మకూడదు. వాయిదాలు ఎగ్గొడతారని కంపెనీల భయం. దానికి అగ్రిమెంట్ ఉంది, కోర్టు ఉంది. ఫోన్‌కి తాళం ఎందుకు?

మీకెవరైనా ఫోన్ తెస్తుంటే, అక్కడ బయల్దేరకముందే సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్‌లోకి వెళ్లి చూడమనండి. క్యారియర్ లాక్ దగ్గర 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉండాలి. లేకపోతే అన్‌లాక్ రిక్వెస్ట్ వాళ్లనే పెట్టమనండి. ఇక్కడికొచ్చాక అమెరికా కస్టమర్ కేర్‌తో అర్ధరాత్రి మాట్లాడాల్సింది మీరే.