బండబాట, మంచుబాట

బోరబండ పేరులోనే బండ కలదు. రాతినేలపై ఎగుడుదిగుడుగా వెలసిన ఆ బస్తీ సందులలో నీళ్ల ట్యాంకరు మొదటి గేరులో మూలుగుచు ఎక్కుట, క్లీనరు పరుగున దిగి వెనుక చక్రమునకు రాయి పెట్టుట అచటివారికి కొత్త కాదు. ఎం.ఎం.టి.ఎస్. రైలులో ఒక్క స్టేషను దాటిన హైటెక్ సిటీ. అచటి మేడలలో పనిచేయు యువకులు పలువురు సెలవు దొరికినంతనే లడఖ్ దారులకు పోయి, మంచులో పాకుచున్న లారీల చిత్రములు తెచ్చి చూపుచున్నారు. ఆ లారీ నడపువాని విద్యయు, తమ వీధిలో ట్యాంకరు నడపువాని విద్యయు ఒక్కటేయన్న సంగతి వారికి తట్టుట అరుదు.

పొడి తారుబాటపై గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి, బ్రేకు పట్టిన పిదప సుమారు 9 మీటర్లలో నిలుచును. మంచుగడ్డపై దానికే 60 మీటర్లు కావలెను. పదడుగులకు ఒక అడుగు దిగు వాలయినచో బ్రేకు పట్టియు ఫలము లేదు. చక్రము నిలుచును, బండి జారును. కావుననే అనుభవజ్ఞుడు దిగుడు మొదలు కాకమునుపే తక్కువ గేరు వేసి, చక్రములకు గొలుసులు బిగించి, ఇంజను పట్టుననే దిగును. 3,978 మీటర్ల ఎత్తైన రోహ్తాంగ్ కనుమపై గాలి పలుచనై పాత ఇంజను బలము సుమారు మూడవవంతు తగ్గును. చలికి డీజిలు మైనమువలె పేరును. 2020లో అటల్ సొరంగము తెరచిన పిదప ఆ కనుమ ఎక్కుట తప్పినను, ఆవలి బారలాచా తప్పలేదు.

తెలుగునాట మంచుబాటలు లేవు. అయినను వాలు వాలే. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు దిగుచున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. బస్సు పాతది, ఎక్కినవారు వందకు మించిరి. అచట మంచు లేదు. మృత్యువునకు మంచుతో పనిలేదని ఆనాడు తేలినది.

పాత బండ్లనన్నిటిని తొలగించిన చాలునని కొందరి వాదము. కాని పేదబస్తీకి నీరు తెచ్చునదియు, ఇటుక మోయునదియు తరచుగా ఆ పాత బండియే. వయస్సు నేరము కాదు, ఉపేక్ష నేరము. ఎనిమిదేండ్లు దాటిన రవాణా వాహనమును ఏటేటా పరీక్షింపవలెనని నియమము కలదు. ఆ పరీక్ష కాగితముపై గాక బ్రేకుపై జరుగవలెను. అంతకన్న ముఖ్యమైనది మరొకటి: ‘ఈ బండి నేడు దిగదు’ అని చెప్పు హక్కు డ్రైవరుకు ఉండవలెను, చెప్పినందుకు అతని కూలి తెగరాదు.

మంచు కురిసి కనుమ మూసిననాడు ఎంతటివారి బండియైనను ఆగవలసినదే. దానిని ఎవరును పిరికితన మనరు. నగరములో మాత్రము ఆగినవాడు సోమరి యనిపించుకొనుచున్నాడు. దిగుటకు ముందు ఆగగలవాడే నేర్పరి. ఆ నేర్పునకు అన్నము పెట్టుట యజమానుల ధర్మము. పెట్టునట్లు చూచుట ప్రభుత్వ ధర్మము.