పెట్టెలోని తాజమహలు, మన యింటి మగ్గపుగుంట



నేను పండితుడను కాను. మెట్రిక్యులేషను వరకు చదివి, షోలాపురములో ఒక దుప్పట్ల కార్ఖానా కచేరీలో ముప్పదియైదేండ్లు గుమాస్తాగా లెక్కలు వ్రాసి, విశ్రాంతి పొందినవాడను. కావున ఈ వ్యాసములో అలంకారములుండవు, లెక్కలుండును. ఆ లెక్కలు కొందరు పెద్దలకు కటువుగా తోచినచో మన్నింపవేడెదను గాని, వానిని వెనుకకు తీసికొనను.

గడచిన యేడు మన పట్టణమున బాలబాలికలకు జరిగిన ఒక పోటీలో, స్వయంనిర్మాణమను శాఖయందు ప్రథమ బహుమతి తాజమహలునకు లభించినది. అది లెగో యను ప్లాస్టిక్ ఇటుకలతో కట్టినది. కట్టిన బాలుని ఓపికను నేను తక్కువచేయను. కాని ఆ ఇటుకలు ఎన్ని, ఏ రంగువి, ఏది దేనిపై నిలువవలెను అను సంగతులన్నియు పెట్టెతో వచ్చిన పుస్తకములోనే ఉన్నవి. బాలుడు పుట త్రిప్పెను, ఇటుక నొక్కెను. మరల పుట త్రిప్పెను, ఇటుక నొక్కెను. అదే పోటీకి పదునాలుగేండ్ల నా మనుమరాలు తాను కంప్యూటరులో రూపొందించిన ఒక ఇంటి నమూనాను, దాని ముక్కల పట్టికను, కట్టవలసిన క్రమమును అచ్చువేసి తీసికొనిపోయినది. పరీక్షకులు దానిని తెరచి చూడనైన చూడక, “ఇది తెరమీది బొమ్మ, చేతిపని కాదమ్మా” అని త్రిప్పి పంపిరి.

పిల్ల ఇంటికి వచ్చి ఏడ్వలేదు. “తాతా, నేను చేసింది పని కాదా?” అని మాత్రమే అడిగినది. నేను ఆనాడు ఆమెకు చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసము.

ముందు ఆమె చేసిన దేమో వినుడు. ఆ ఇల్లు మా తండ్రిగారిది. తెలంగాణము నుండి ఇక్కడకు వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబముల యిండ్లలో అటువంటివి అనేకము లుండెడివి. ముందుగదిలో గుంటమగ్గము, వెనుక వంటయిల్లు, పైన పెంకులు. మా యిల్లు నేడు లేదు. ఆ స్థలమున మూడంతస్తుల కట్టడము నిలిచినది. ఛాయాచిత్రము ఒక్కటియు మిగులలేదు. మిగిలినది నా జ్ఞాపకము మాత్రమే. పిల్ల కంప్యూటరు ముందు కూర్చుండి అడుగుచుండెను: “తాతా, గుంట ఎంత లోతు?” “నా మోకాలి పైకి, రెండున్నర అడుగులు బిడ్డా.” “వాకిలి ఎంత ఎత్తు?” “ఆరడుగులు, మా నాయన వంగకుండ పోయెటోడు.” ఈ విధముగ నలువది దినములు గడచినవి. నలువదియేండ్లుగా నేను తలచుకొనని గూళ్ళు, మేకులు, దీపపుచోటు ఆ ప్రశ్నల వలన నాకు మరల కనబడినవి.

ఇది ఆటయని అనువారు ఈ లెక్కను కొంచెము చిత్తగింపుడు. లెగో ఇటుకపై నుండు బొడిపెకును దాని ప్రక్క బొడిపెకును మధ్య దూరము 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. పలుచని పలక యెత్తు 3.2; అనగా మూడు పలకలు ఒక ఇటుక. పిల్ల అడుగునకు అరంగుళము చొప్పున కొలత తీసికొన్నది. మా యిల్లు ఇరువది అడుగుల వెడల్పు, నలువది అడుగుల పొడవు. వెడల్పు 32 బొడిపెలు, పొడవు 64 బొడిపెలు అయినవి. తేడా ఎచ్చటను అర బొడిపెకు మించలేదు. రెండున్నర అడుగుల గుంటకు సరిగా పది పలకల లోతు వచ్చినది. ఆరడుగుల వాకిలికి ఎనిమిది ఇటుకలు వచ్చినవి. పది యడుగుల గోడకు పదమూడు వరుసలు. నాలుగు బొడిపెల ఇటుకలతో పేర్చినచో, వాకిళ్ళు కిటికీలు తీసివేయకముందు బయటి గోడలకే 611 ఇటుకలు. ముప్పదియైదేండ్లు నూలు ఇండెంట్లు వ్రాసినవాడను. ఈ పట్టికలో తప్పు పట్టుటకు ప్రయత్నించి ఓడిపోయితిని.

ఈ పనికి ఆమె వాడినది స్టూడియో యను ఉచిత ప్రోగ్రాము. అందు వేలకొలది ముక్కల రూపములు గలవు. కావలసినదానిని ఎంచి తెరమీద మరియొకదానిపై నిలిపినచో బొడిపెలు తామే కలియును. రెండు ముక్కలు ఒకే చోటును ఆక్రమించినచో హెచ్చరించును. కోరిన రంగులో ఆ ముక్క అసలు తయారైనదో లేదో తెలుపును. మా పెంకులకు పిల్ల కోరిన రంగు ఒక వాలుముక్కలో లేదని తెలిసి, ఆమె కప్పునంతయు వేరొక రంగునకు మార్చుకొన్నది. ఇటుకలు కొన్న తరువాత ఆ సంగతి తెలిసిన నష్టమెవరిది? తుదకు ముక్కల మొత్తము పట్టికయు, మెట్టుమెట్టుగా కట్టు పుస్తకమును ఆ ప్రోగ్రాములోనే సిద్ధపరచవచ్చును. తాజమహలు పెట్టెలో ఏ పుస్తకమైతే ఉన్నదో, అట్టి పుస్తకమును ఈ పిల్ల తానే వ్రాసినది. వ్రాసినవారికి బహుమతి లేదు, చదివినవారికి ఉన్నది!

చేతిపని కాదను పెద్దలను నేనొక ప్రశ్న అడిగెదను. మీ తండ్రులు, తాతలు షోలాపురపు దుప్పటిపై నెమలిని ఎట్లు నేసిరి? జకార్డు మగ్గము ఎక్కుటకు ముందు ఆ నెమలి గళ్ళ కాగితముపై గీయబడలేదా? ఒక్కొక్క గడి ఒక్కొక్క పడుగు పేకల కలయిక కాదా? ఆ కాగితమును చూచి అట్టలకు రంధ్రములు వేయలేదా? ఆ గీతగాడు నాడెను తాకలేదు. అయినను అతనిని పనివాడు కాదని ఏ సేఠు అనెను? గీత తప్పినచో వందల దుప్పట్లు పాడగునని ఎరిగి, కార్ఖానాలో అతనికి ప్రత్యేకమైన కుర్చీ వేసిరి.

పోలిక ఇంకను దగ్గరిది. అంగుళమునకు పడుగు పోగులు, పేక పోగులు సమానముగా లేనిచో, సమచదరపు గళ్ళపై గీసిన నెమలి దుప్పటిపై పొట్టిదియో పొడవుదియో యగునని మన నేతవారికి తెలియును. ఇటుకకును అంతే. దాని బొడిపె వెడల్పు 8, ఎత్తు 9.6 గనుక, గడికి ఒక బొడిపె, ఒక ఇటుక చొప్పున చదరపు గళ్ళపై గీసిన గోపురము కట్టునప్పుడు ఐదవవంతు ఎత్తు పెరుగును. పిల్లకు ఈ సంగతి మొదట తెలియలేదు. నేను నెమలి కథ చెప్పితిని, ఆమె వెంటనే గ్రహించినది. తాతకు తెలిసిన విద్యయు మనుమరాలికి తెలిసిన విద్యయు ఒకటేయని ఆ దినమున మాకిద్దరకును తెలిసినది. జకార్డు 1804లో తన మగ్గమును రూపొందించెను. ఆ రంధ్రపు అట్టల ఊహయే తరువాత లెక్కల యంత్రములకు దారిచూపి, 1890లో అమెరికా జనాభా లెక్కలకు ఉపయోగపడెను. నేతవారి యింటి పిల్ల కంప్యూటరులో గళ్ళు నింపుట కొత్త వింత కాదు, పాత బంధుత్వము.

ఇక ఆక్షేపణలు. మొదటిది: ఇది పరదేశపు సరకు. నిజమే. లెగో డెన్మార్కు దేశములోని బిలుండ్ గ్రామమున 1932లో పుట్టిన సంస్థ. నేటి ఇటుకకు 1958లో పేటెంటు దరఖాస్తు జరిగినది. కాని జకార్డు మాత్రము మన ఊరివాడా? ఫ్రాన్సులోని లియోన్ వాడు. అతని మగ్గముపై మన వారు మన నెమలిని నేసిరి గనుకనే దానికి షోలాపురపు దుప్పటియను పేరు వచ్చినది. పనిముట్టు ఎవరిదను ప్రశ్న కంటె, దానితో ఎవరి బొమ్మను చేయుచున్నామను ప్రశ్న పెద్దది. ఆ కంపెనీ 2008లో 5,922 ముక్కల తాజమహలును విక్రయించెను. 2017లో మరల తెచ్చెను. లోకము కొనును గనుక తెచ్చెను. గుంటమగ్గపు ఇంటిని ఏ కంపెనీయు పెట్టెలో పెట్టి విక్రయింపదు. మనము చేసికొననిచో అది ఉండదు.

రెండవది: ఖర్చు. ఇచ్చటనే కంప్యూటరు మనకు మేలుచేయును. ముక్క పది రూపాయలని ఊహింతము. గోడలకే 6,110 రూపాయలు. కొని, కట్టి, నచ్చక, కూల్చి, మరల కొనుట ధనవంతుల పని. తెరమీద పదిసార్లు కూల్చినను పైసా పోదు. పూర్తిగా కొనలేని పిల్లయు పూర్తిగా రూపొందింపగలదు. మన సంఘములో పెట్టె కొనగలవారి పిల్లలకే బహుమతి చెందు నియమము పెట్టి, దానిని కళయని పిలుచుట న్యాయమా?

మూడవ ఆక్షేపణలో సత్యమున్నది; దానిని దాచను. తెరమీద నిలిచినదెల్ల బల్లమీద నిలువదు. పిల్ల మొదటి గోడలో ఇటుకల అతుకులన్నియు వరుసగా ఒకదానిపై నొకటి వచ్చినవి. రెండు ముక్కలు ఢీకొనలేదు గనుక ప్రోగ్రామునకు అది సమ్మతమే. మా వీధి తాపీమేస్త్రి చూచి, “ఇది గోడ కాదమ్మా, నిలువు చీలిక” అని నవ్వెను. ఆమె ప్రతి వరుసను రెండు బొడిపెలు జరిపి మరల పేర్చినది. ఇంటనున్న పాత ఇటుకలతో గుంటయు, ఒక మూలగోడయు మాత్రము కట్టి చూచినది. గోడ నిలిచినది. కావున చేయి అక్కరలేదని నేననను. నమూనాగుడ్డ నేయక మొత్తము తానును మగ్గమెక్కించు నేతగాడు లేడు. కళ్ళకు శ్రమయను మాటకు, దినమునకు గంటకు మించనీయకుడని నా సలహా. మా యింట అదే నియమము.

పెట్టెలు కొనవలదని నేను చెప్పుటలేదు. వానివలన చిన్నపిల్లల వ్రేళ్ళకు పొందిక వచ్చును. కాని ఎనిమిది బొడిపెల ఇటుకలు, ఒకే రంగువి, ఆరు ఇచ్చినచో వానిని 91,51,03,765 విధములుగ కలుపవచ్చునని కోపెన్‌హేగన్ గణితజ్ఞుడు సోరెన్ ఐలర్స్ లెక్క తేల్చెను. అన్ని దారులుండగా, పుస్తకము చూపిన ఒక్క దారిని తప్పక నడచినవానికే స్వయంనిర్మాణ బహుమతి నిచ్చుట, కాపీవ్రాతకు కవితా బహుమతి నిచ్చుట వంటిది.

కావున పోటీలు నడుపు పెద్దలకు నా విన్నపములు నాలుగు. పెట్టె కట్టుటకు ఒక శాఖ, సొంత రూపకల్పనకు ఒక శాఖ వేరుగ నుండవలెను. రూపకల్పనకు ముక్కల పట్టిక, కట్టు క్రమము, చేతితో కట్టి చూపిన ఒక భాగము ఉండవలెను. పరీక్షకులు ఆ మూడింటిని చదివి మార్కులు వేయవలెను. సంఘపు గదిలో సెలవుదినములందైన ఒక కంప్యూటరు, ఒక సంచెడు పాత ఇటుకలు పిల్లల కందుబాటున నుండవలెను. పిల్లల రూపములను ఒక్క ప్రోగ్రాములోనే దాచక, ఎల్‌డ్రా పద్ధతిలో కూడ భద్రపరుపవలెను. కంపెనీ 2004లో తెచ్చిన సొంత ప్రోగ్రాము 2022లో మూతపడినది. ఆస్ట్రేలియా వాడైన జేమ్స్ జెస్సిమన్ 1995లో ఆరంభించిన ఎల్‌డ్రా, అతడు 1997లో చనిపోయినను, స్వచ్ఛంద సేవకుల చేతులలో నేటికిని బ్రతికియున్నది. సంఘములు నడుపువారు ఈ రెండింటి భేదమును గ్రహింపలేకపోరు.

నాతోటి వృద్ధులకు ఒక మాట. మీ ఇంటి వాకిలి ఎన్ని అడుగులు? ఆసు పోసిన వసారా ఎంత పొడవు? రాట్నము ఏ మూల నుండెను? ఈ కొలతలు ఏ రిజిష్టరులోను లేవు. మీ తలలలో ఉన్నవి. మనము పోయిన దినమున అవియు పోవును. కొలతలు వ్రాసికొనుటకు సిద్ధముగా కూర్చున్న పిల్లలను “తెరమీది బొమ్మ” యని తరిమివేసి, మన సంస్కృతి అంతరించుచున్నదని వేదికలపై కంట తడిపెట్టుట మనకు తగదు.

నా మనుమరాలు మరల పోటీకి దరఖాస్తు వ్రాయుచున్నది. ఈసారి గుంటలో కూర్చున్న మనిషిని కూడ చేర్చినది. “తాతా, మీ నాయన నాడెను ఏ చేత్తో కొట్టేటోడు?” అని నిన్న అడిగినది. కుడిచేతితోనని చెప్పితిని. ఆ ప్రశ్న నన్ను అంతకుముందు ఎవరును అడుగలేదు.