ఆక్టేను సంఖ్యయు గృహిణి వివేకమును



గతమాసమున మేము వంటగ్యాసు పొదుపును గూర్చి వ్రాసిన పిమ్మట ఒక సోదరి మాకు జాబు వ్రాసినది. “మా యింటికి క్రొత్తగా కారు వచ్చినది. బంకులో రెండు మూడు రకముల పెట్రోలు అమ్ముచున్నారు. హెచ్చు ధర గలదియే మేలైనదా? ఇంజనుకు ఏది పోయించవలెను?” అని ఆమె ప్రశ్న. దీనికి ప్రత్యుత్తరము వ్రాయుటకు మాకు ఒకింత సిగ్గుగనే యున్నది. ఏలయనగా ఈ విషయమున మా యింటనే ఎనిమిది మాసములు పొరపాటు జరిగినది. దానిని దాచక చెప్పుటయే తగిన ప్రత్యుత్తరమని తలంచి వ్రాయుచున్నాము.

మాది గుడుపల్లె. మూడు రాష్ట్రముల పొలిమేరలు కలియు కుప్పము సీమలోని చిన్న యూరు. మా వారు బడిపంతులు. మా అత్తగారికి మూత్రపిండముల వ్యాధి సోకినందున మాసమునకు రెండుసారులు వేలూరునకు తీసికొనిపోవలసి వచ్చినది. ఆమె రైలులోను బస్సులోను కూర్చుండజాలని స్థితి. కావున చేతనున్న కొంత సొమ్మునకు అప్పు చేర్చి, పదేండ్ల నాటి పాత కారొకటి కొంటిమి. వీ.కోట మీదుగా పోయి, పేర్నాంబట్టు కనుమ దిగి వేలూరు చేరుదుము. తిరుగు ప్రయాణమున ఆ కనుమనే ఎక్కవలెను.

ఒకనాడు కనుమ నెక్కుచుండగా ఇంజనులోనుండి, మూకుడులో ఎండు సెనగలు వేగునట్లు, టకటకమను చప్పుడు వినవచ్చెను. పెట్రోలు నాసిదై యుండునని మా వారు నిశ్చయించిరి. మరునాడు బంకున లీటరునకు ఏడెనిమిది రూపాయలు హెచ్చు ధర గల పెట్రోలు పోయించిరి. చప్పుడు చాలవరకు అణగెను. “చూచితివా! బంగారమునకు క్యారెట్లవలె పెట్రోలునకు ఆక్టేను. సంఖ్య పెరిగినకొలది సరకు మేలు” అని వారు సంతసించిరి. 2001లో మూతపడిన కోలారు బంగారు గనులు మాకు చేరువనే యున్నవి; మా మండలమునందలి బిసానత్తమునను గని యుండెడిది. కావున మా ప్రాంతమువారికి దేనికైనను బంగారపు ఉపమానమే ముందు తోచును. మేమును ఔననుకొంటిమి.

ఎనిమిదవ మాసమున, వేలూరునుండి తిరిగి వచ్చుచు కనుమ నడుమ నుండగా, కారు పలకపై ఎఱ్ఱదీపము వెలిగెను. ముందుమూతనుండి ఆవిరి పొగలుగా లేచెను. ప్రొద్దు క్రుంకుచున్నది. అత్తగారు వెనుక సీటున నీరసించి పండుకొని యున్నారు. ఇంజను చల్లారకుండ మూత విప్పిన మరుగు నీరు ముఖముపైకి చిమ్మునని ఒక లారీ డ్రైవరు హెచ్చరించి, తన నీళ్ల డబ్బా నిచ్చి, మాతో గంటకు పైగా నిలిచెను. ఆ చీకటిలో అత్తగారు మా చేయి పట్టుకొని, “నాకేం కాదులేమ్మా. బిడ్డలే ఇంట్లో ఒంటిగా వుండారే!” అనిరి. ఆ మాట యిప్పటికిని మా చెవులలో నున్నది.

మరునాడు కుప్పమున మెకానిక్కు కారును పరీక్షించి చెప్పిన మాటలు ఇవి: “కూలెంటు గొట్టం చిట్లి శానా నాళ్లుగా కారతా వుంది సార్. నీళ్లు తగ్గి ఇంజను వేడెక్కి కొట్టుకుంటా వుంటే, మీరు ఖరీదు పెట్రోలు పోసి దాని నోరు మూసినారు. కారుతో పాటు పుస్తకం ఇచ్చింటారే, చూసినారా?” మా వారు తల వంచుకొనిరి. దినమంతయు పిల్లలను పుస్తకము చదువుడని గద్దించు పంతులుగారి యింట, కారు పుస్తకము ఏడాదిగా బీరువాలో మడత విప్పక యుండెను. పెట్రోలు పోయు రంధ్రపు తలుపు లోపలివైపున సైతము 91 అని స్పష్టముగా నున్నది. మాసమునకు నలుబది లీటరుల చొప్పున ఎనిమిది మాసములలో మేము అదనముగ వెచ్చించినది రెండున్నర వేల రూపాయలు. గొట్టము మార్చుటకైన ఖర్చు అందులో నాల్గవ పాలైనను లేదు.

ఇంతకును ఆ సంఖ్య యేమి? ఇంజను లోపలి గొట్టములలో పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి చేరును. ముషలము పైకి వచ్చి ఆ మిశ్రమమును ఇంచుమించు పదింట ఒక వంతునకు నొక్కును. అప్పుడు స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ పుట్టించగా, మంట ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు క్రమముగ వ్యాపింపవలెను. అట్లుగాక, ఒత్తిడికిని వేడికిని తాళలేక, మంట చేరక మునుపే దూరపు మూలనున్న మిశ్రమము తనంతట తానే భగ్గుమనెనేని, ఆ దెబ్బ ఇంజనుకు తగులును. మనము విను టకటక చప్పుడు అదియే. నూనె మితిమీరి కాగినప్పుడు, మనము సిద్ధపడక మునుపే ఆవాలు చిట్లి ముఖముపై పడుట వంటది. ఆ దెబ్బలు నాళ్ల తరబడి తగిలినచో ముషలములు సైతము పాడగును.

పెట్రోలు ఎంత నొక్కిడికి ఓర్చి, తనంతట మండక నిలువగలదో తెలుపునదియే ఆక్టేను సంఖ్య. 1926-27 ప్రాంతమున అమెరికాలో గ్రాహం ఎడ్గర్ అను రసాయనజ్ఞుడు ఈ కొలతను ఏర్పరచెను. మిక్కిలి ఓర్పుగల ఐసో-ఆక్టేనునకు 100, ఏమాత్రము ఓర్వని హెప్టేనునకు సున్న. 91 ఆక్టేను పెట్రోలనగా, 91 పాళ్లు మొదటిదియు 9 పాళ్లు రెండవదియు కలిపిన మిశ్రమమువలె ఓర్చునది. కావున ఈ సంఖ్య శుభ్రతను గాని, శక్తిని గాని తెలుపదు. నగలపై 916 అను ముద్ర బంగారపు స్వచ్ఛతను తెలుపును; పెట్రోలుపై 95 అను అంకె అట్టిది కాదు. హెచ్చు ఓర్పు గల పెట్రోలులో హెచ్చు వేడిమి యుండునని తలంచుటయు పొరపాటే.

అయినచో హెచ్చు సంఖ్య ఎవరికి? ఎక్కువగా నొక్కు ఇంజనులకును, టర్బో గల కొన్ని ఇంజనులకును తయారీదారులు 95 కావలెనని వ్రాయుదురు. అట్టి వానికి తక్కువ సంఖ్య పోయించుట లోభమే యగును. ఇప్పటి కార్లలో చప్పుడును పసిగట్టు పరికరముండి నిప్పురవ్వను వెనుకకు జరుపును; ఇంజను కాపాడబడును గాని బలమును మైలేజియు తగ్గును. 91 చాలునని వ్రాసిన కారునకు మాత్రము 95 గాని 100 గాని పోయించుట, అన్నప్రాశన శిశువునకు పంచభక్ష్యములు వడ్డించుటయే.

సంఖ్య పెంచవలెనను ఆతురత లోకమునకు ఎంత చేటు తెచ్చినదో కూడ చెప్పవలసి యున్నది. 1921లో థామస్ మిడ్‌గ్లీ అను నతడు సీసపు ద్రవ్యమొకటి కలిపినచో పెట్రోలు చప్పుడు అణగునని కనుగొనెను. 1924లో దానిని తయారుచేయు న్యూజెర్సీ కర్మాగారమున పనివారు ఐదుగురు ఆ విషమువలన మరణించిరి. అయినను పొగలోని సీసము దశాబ్దముల తరబడి పసిపిల్లల నెత్తుట చేరుచునే యుండెను. మన దేశమున సీసపు పెట్రోలు 2000లో నిలిచిపోయినది; కడపట అల్జీరియాలో 2021లో ముగిసినది. అక్కడను జరిగినది చప్పుడు అణచుటయే. చెల్లించిన మూల్యము మాత్రము తరువాత తెలిసినది.

మఱి రెండు సందేహములు. అమెరికాలో నున్న మన పిల్లలు అచట 87 పోయించుచున్నామని చెప్పగా కొందరు తల్లులు కలవరపడుదురు. అచట కొలుచు పద్ధతి వేఱు. ఆ 87 మన 91తో ఇంచుమించు సమానమే. ఇక ఎథనాలు మాట: ఇప్పుడు మన పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ల వరకు ఎథనాలు కలుపుచున్నారు. దాని ఆక్టేను సంఖ్య 108 ప్రాంతముననుండుటచే మిశ్రమపు ఓర్పు పెరుగును. అయితే దానిలోని వేడిమి పెట్రోలుకన్న తక్కువ గావున మైలేజి కొంత తగ్గును. పాత కార్ల రబ్బరు భాగములు దానికి తాళునో లేదో అనునది వేఱు ప్రశ్న. ఆక్టేను సంఖ్య దానికి సమాధానము చెప్పదు. దానికిని కారు పుస్తకమే ప్రమాణము.

కావున సోదరీమణులు చేయవలసినది స్వల్పము. తలుపు లోపలి అంకెను, పుస్తకములోని అంకెను చూచి, వంటింటి గోడపై వ్రాసికొనుడు. అంతకు తగ్గింపకుడు, ఊరక పెంచకుడు. అంకె సరిగా నున్నను ఎత్తు ఎక్కునప్పుడు చప్పుడు వినబడిన, మొదట గేరు తగ్గించి చూడుడు. ఆ పిమ్మటను నిలిచిన, ఇంజను వేడిని, కూలెంటును, ప్లగ్గులను, లోపల పేరుకొన్న మసిని పరీక్ష చేయించుడు. జ్వరము తగిలిన బిడ్డ ఏడ్పును మాన్పుట వైద్యము కాదు గదా!

భారతమునందలి నలోపాఖ్యానము మీరెఱిగినదే. బాహుకుడు రథమునకు బక్కగుఱ్ఱములను ఎన్నుకొనగా ఋతుపర్ణుడు శంకించెను. బాహుకుడు పైకి కనబడు పుష్టిని గాక లక్షణములను జూచి ఎన్నెను. అది అశ్వహృదయ విద్య. ఋతుపర్ణునికి లెక్కల విద్య కలదు. ఇరువురును ఒండొరులకు తమ విద్య నొసగిరి. మన యింటను ఆ రెండును కలిసియే యుండవలెను.

అత్తగారు ఇప్పుడును మాసమునకు రెండుసారులు వేలూరునకు వచ్చుచున్నారు. బయలుదేరు ముందు మేమే ముందుమూత యెత్తి కూలెంటు చూచుచున్నాము. మా వారు పుస్తకము తెచ్చి కారులోనే యుంచిరి.