నాణెం కన్నా చోటు ముఖ్యం

లంకెబిందెల కథలు వింటూ పెరిగినవాళ్ళం మనం. ఇప్పుడు వాటికి మెటల్ డిటెక్టరు తోడైంది. గుప్తనిధుల పేరిట పాడుపడ్డ గుళ్ళలో విగ్రహాలనే పెకలిస్తున్నారు. పది రూపాయల విలువ మించిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలపాలంటుంది 1878 నాటి చట్టం. నా బాధ మాత్రం చట్టం గురించి కాదు.

కోటిలింగాలలో దొరికిన నాణేల మీద సిముకుడి పేరు చదవబట్టే గదా, శాతవాహనుల తొలినాళ్ళ చర్చలో గోదావరి తీరానికి అంత బలం వచ్చింది! అవే నాణేలు ఏ ఊరివో తెలియకుండా బజారుకెక్కితే వట్టి లోహపు ముక్కలే. యంత్రం లోహాన్ని చూపుతుంది. చరిత్ర దొరికిన చోటులో ఉంటుంది.

బ్రిటన్‌లో 1997 నుంచి ఇలాంటి వస్తువులను చోటుతో సహా నమోదు చేస్తున్నారు. మన కాలేజీల చరిత్ర శాఖలూ ఆ పని చేపడితే ఎంత బాగుండును! మిత్రులారా, మట్టిలో నాణెం కనబడితే గునపం తీయకండి. చోటు రాసిపెట్టి, కలెక్టరాఫీసుకు కబురు చేయండి.